కంటికి ఆనని ప్రాణాలు



ఎల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతికి అంకితమైన ఉపన్యాసంలో గాయాల గురించి మాట్లాడటం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. 1895లో భీమవరంలో పుట్టి, 1948లో అమెరికాలో కన్నుమూసిన ఆయన జీవరసాయన శాస్త్రవేత్త. కత్తి పట్టిన మనిషి కాదు. పైగా మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, పూర్తి పట్టాకు బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చిందని జీవిత చరిత్రలు రాసినవారు చెబుతారు. సర్జరీ ఆయనకు చేసిన మేలు అంతే! అయినా ఈ అంశాన్ని ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని 1945 నాటికి కృత్రిమంగా తయారుచేసింది. రక్తహీనతకు, స్ప్రూ రోగానికి అది మందు. రక్తం తక్కువైనవాళ్లను బతికించే విటమిను రక్తపు క్యాన్సరు పిల్లలకూ మేలే చేస్తుందని ఎవరైనా అనుకుంటారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా ఇంకా జోరందుకుంది. ఆ చేదు ఫలితాన్ని వాళ్లు కప్పెట్టలేదు. విటమిను జబ్బును పెంచుతోందంటే, దాన్ని అడ్డుకునే పదార్థం జబ్బును అణచాలి కదా అని ఆలోచించారు. సుబ్బారావు బృందం అలాంటి పదార్థాలను చేసిచ్చింది, 1948లో ఫార్బర్ ఫలితాలు అచ్చయ్యాయి. మంచిదనుకున్నది చెడు చేస్తోందని ఒప్పుకోగలిగిన ఆ గుణం గురించే ఈ సాయంత్రం నా మాటలు.

నేను చెప్పదలచింది ఒక్కటే. ప్రాణం మీదికి వచ్చిన క్షతగాత్రుడికి చేసే వైద్యం, తీరిగ్గా చేసే వైద్యం కంటే కఠినమైన పరీక్షకు నిలవాలి. మన వాడుక ఇందుకు పూర్తిగా విరుద్ధం. "ఇప్పుడు ప్రయోగాలేంటండీ, ముందు మనిషిని బతికించండి" అంటాం. ఆ మాటలో దయ ఉంది. ఏది బతికిస్తుందో మనకు ముందే తెలుసన్న ధీమా కూడా ఉంది. నా పేచీ ఆ ధీమాతోనే.

1

తలకు బలమైన దెబ్బ తగిలితే మెదడు వాస్తుంది. పుర్రె ఎముక గట్టి పెంకు, సాగదు. వాచిన మెదడు అందులోనే నలిగి మనిషి చనిపోతాడు. స్టెరాయిడ్లు వాపు తగ్గిస్తాయని అందరికీ తెలుసు. ఈ నాలుగు వాక్యాల నుంచి ఐదోది దానంతటదే వస్తుంది: తల దెబ్బకు స్టెరాయిడ్ ఇవ్వాలి. ముప్పై ఏళ్ల పాటు ప్రపంచంలో చాలాచోట్ల ఇచ్చారు. అప్పుడప్పుడు చిన్న చిన్న అధ్యయనాలు జరిగాయి, ఏదీ ఎటూ తేల్చలేదు. 1999లో లండన్‌లోని హైజీన్, ట్రాపికల్ మెడిసిన్ స్కూలు కేంద్రంగా 'క్రాష్' అనే పెద్ద పరీక్ష మొదలైంది. ఇరవై వేల మందిని చేర్చుకోవాలని సంకల్పం. సగం మందికి స్టెరాయిడ్, సగం మందికి ఉత్త సీసా, ఎవరికి ఏది అన్నది చీటీ వేసినట్టు నిర్ణయం. 2004లో 10,008 మంది దగ్గర ఆపేశారు. రెండు వారాల్లో స్టెరాయిడ్ తీసుకున్నవారిలో 21.1 శాతం చనిపోయారు, తీసుకోనివారిలో 17.9 శాతం.

ఈ రెండు అంకెల దగ్గర కాసేపు నిలబడదాం. ఏడాదికి ఇలాంటి కేసులు వంద చూసే ఆసుపత్రి ఒకటి ఉందనుకోండి. స్టెరాయిడ్ ఇస్తే 21 మంది పోతారు, ఇవ్వకపోతే 18 మంది. ఆ ఏడాది వర్షాలు ఎక్కువ పడ్డాయనో, హైవే మీద కొత్త బైపాస్ తెరిచారనో, ఐసీయూలో వెంటిలేటరు ఒకటి పాడైందనో ఆ లెక్క ఐదారుగురు అటూ ఇటూ మారడం మామూలే. ఆ ఊగిసలాటలో ముగ్గురు మనుషులు కలిసిపోతారు. ఎంత నిపుణుడైనా, ఎంత చిత్తశుద్ధి ఉన్నా, ముప్పై ఏళ్లు ఆ వార్డులోనే తిరిగినా ఆ ముగ్గురినీ కంటితో చూడలేడు. చూసేదల్లా బతికి లేచి వెళ్లిన 79 మందిని. వాళ్లు చేతులెత్తి దండం పెడతారు. మందు పనిచేసిందని నమ్మడానికి డాక్టరుకు ఇంకేం కావాలి? తప్పు ఆయనది కాదు. మనిషి కన్ను అంతవరకే చూడగలదు.

2

రెండో ఉదాహరణ ఇంకా ఇంటి దగ్గరిది, సెలైన్ సీసా. రోడ్డు ప్రమాదంలో రక్తం కారుతూ మనిషి వస్తాడు. బీపీ అందదు, చెయ్యి చల్లబడి ఉంటుంది. రెండు చేతులకూ సూదులు గుచ్చి, సీసాలు వేలాడదీసి, ధార వేగం పెంచుతారు. అవసరమైతే సీసాను చేత్తో పిండుతారు. బీపీ లేస్తుంది. వెంట వచ్చిన బంధువుల మొహాల్లోకి కూడా నెత్తురు వస్తుంది. చూసేవాళ్లకు ఇది వైద్యమంటే వైద్యం.

లోపల జరిగేది వేరు. తెగిన నాళం దగ్గర అప్పుడే కట్టిన మెత్తని గడ్డ ఒకటి రంధ్రాన్ని మూసి ఉంటుంది. పీడనం తగ్గి ఉండటం ఆ గడ్డకు రక్ష. మనం పీడనం పెంచితే గడ్డ ఊడుతుంది. రక్తం పలచబడి కొత్త గడ్డ కట్టే శక్తీ తగ్గుతుంది. గది చలిలో ఉన్న సెలైన్ ఒంటిని ఇంకా చల్లబరుస్తుంది, చల్లబడ్డ రక్తం సరిగ్గా గడ్డకట్టదు. చెరువు కట్టకు గండి పడినప్పుడు గండి పూడ్చకుండా పైనుంచి తూము ఎత్తి నీళ్లు వదలడం లాంటిదిది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులను చూసిన వాల్టర్ కానన్ బృందం 1918లోనే ఈ హెచ్చరిక చేసింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1994లో అమెరికాలోని హ్యూస్టన్‌లో బికెల్, ఆయన సహచరులు 598 మంది మీద జరిపిన పరీక్ష ఫలితాలు ప్రకటించారు. ఛాతీకో కడుపుకో తూటా దిగి, కత్తి దిగి, బీపీ 90కి గాని అంతకంటే కిందికి గాని పడిపోయినవాళ్లు. తేదీ సరి సంఖ్యా, బేసి సంఖ్యా అన్నదాన్ని బట్టి కొందరికి వెంటనే సెలైన్, కొందరికి ఆపరేషన్ బల్ల ఎక్కేదాకా ఆపడం. వెంటనే ఎక్కించినవారిలో 62 శాతం బతికారు, ఆపినవారిలో 70 శాతం. తేదీని బట్టి పంచడం కచ్చితమైన చీటీ పద్ధతి కాదు, రోడ్డు ప్రమాదాల్లో తగిలే మొద్దు దెబ్బలకు ఇదే లెక్క వర్తిస్తుందని కూడా దీన్నిబట్టి చెప్పలేం. అయినా ఆ తర్వాత సెలైన్ మీద గుడ్డి నమ్మకం నిలవలేదు. కంటికి కనబడే సూచిక వేరు, మనిషి బతకడం వేరు అని నేర్పిన పరీక్ష ఇది. బీపీ లేచినవాడు బతికినవాడు కాదు.

3

ఇప్పుడు మేలు చేసిన మందు కథకు వద్దాం. 1950లలో టోక్యోలో షోసుకే ఒకమోతో, ఉతాకో ఒకమోతో అనే దంపతులు రక్తం మీద పని మొదలుపెట్టారు. యుద్ధం ముగిసిన దేశంలో డబ్బు లేదు. నమూనాలు దొరక్కపోతే తమ రక్తమే తీసుకోవచ్చన్నది ఆ అంశాన్ని ఎంచుకోవడానికి ఒక కారణం. ఉతాకో బిడ్డను వీపుకు కట్టుకుని ప్రయోగశాలలో పనిచేసేవారు. 1962లో వాళ్లు ట్రానెక్సామిక్ ఆమ్లాన్ని ప్రకటించారు. ఈ సభలోని ఆడవాళ్లలో చాలామందికి ఆ పేరు తెలియకపోయినా మాత్ర తెలిసే ఉంటుంది. నెలసరిలో రక్తం మరీ ఎక్కువగా పోతుంటే డాక్టరు రాసేది అదే.

అది పనిచేసే తీరు చెప్పుకోదగ్గది. గాయం దగ్గర రక్తం గడ్డకట్టడమంటే ఫైబ్రిన్ దారాలతో వల అల్లుకోవడం. ఆ వలను తర్వాత కత్తిరించి శుభ్రం చేయడానికి ఒంట్లోనే ప్లాస్మిన్ అనే కత్తెర ఉంది. పెద్ద దెబ్బ తగిలినప్పుడు ఈ కత్తెర వేళగాని వేళ పదునెక్కుతుంది, వల అల్లుతుండగానే తెంపేస్తుంది. 2003లో లండన్‌లో కరీం బ్రోహీ బృందం 1,088 మంది క్షతగాత్రుల లెక్కలు తీసింది. ఆసుపత్రి గుమ్మం తొక్కేసరికే నలుగురిలో ఒకరికి రక్తం గడ్డకట్టే శక్తి దెబ్బతిని ఉంది. అలాంటివారిలో 46 శాతం చనిపోయారు, మిగతావారిలో 11 శాతం. ట్రానెక్సామిక్ ఆమ్లం లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని పోలి ఉంటుంది. కత్తెర దారాన్ని పట్టుకునే చోట ముందుగా తాను వెళ్లి కూర్చుంటుంది. కత్తెర ఉంటుంది, దారం చిక్కదు.

ఇంత చక్కని తర్కం ఉంది కాబట్టి వెంటనే వాడేద్దామా? తల దెబ్బకు స్టెరాయిడ్ తర్కం కూడా ఇంత చక్కగానే ఉండేదని మరచిపోవద్దు. గడ్డలు పెంచే మందు గుండెలోనో మెదడులోనో అక్కరలేని గడ్డ కట్టిస్తే? అందుకని క్రాష్ పరీక్ష నడిపిన లండన్ స్కూలు నుంచే ఇయన్ రాబర్ట్స్, ఆయన సహచరులు 'క్రాష్-2' మొదలుపెట్టారు. 40 దేశాలు, 274 ఆసుపత్రులు, 20,211 మంది. వాటిలో మన దేశపు ఆసుపత్రులూ ఉన్నాయి. పద్ధతి ఎంత సాదా అంటే, క్యాజువాల్టీ బీరువాలో నంబర్లు వేసిన అట్టపెట్టెలు ఉంటాయి. రక్తం పోతున్న మనిషి వచ్చాడు, ఈ మందు ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరుకు నిజంగా తేలడం లేదు, అప్పుడు ఒక నంబరు పెట్టె విప్పుతారు. లోపలి ఆంప్యూల్స్‌లో మందుందో ఉప్పునీరుందో విప్పినవాడికీ తెలియదు, ఎక్కించుకున్నవాడికీ తెలియదు. పది నిమిషాల్లో ఒక గ్రాము, తర్వాత ఎనిమిది గంటల మీద ఇంకో గ్రాము. చివరికి ఫలితం రాయడానికి ఒక్క పేజీ ఫారం. రాత్రి రెండు గంటలకు ఒంటరిగా ఉన్న డ్యూటీ డాక్టరు కూడా నింపగలిగేది. పెద్ద పరిశోధనకు పెద్ద యంత్రాలు కావాలనుకునేవారు ఈ అట్టపెట్టెను గుర్తుపెట్టుకోవాలి.

2010లో ఫలితం వచ్చింది. మందు లేనివారిలో 16 శాతం చనిపోయారు, మందు తీసుకున్నవారిలో 14.5 శాతం. భయపడినట్టు అక్కరలేని గడ్డలు పెరగలేదు. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో గాయాలకు దీన్ని చేర్చింది.

అసలు సంగతి 2011లో బయటపడింది. రక్తస్రావంతో పోయినవారిని వేరుచేసి, దెబ్బ తగిలాక ఎంతసేపటికి మందు అందిందో విడదీసి చూశారు. మొదటి గంటలో అందితే చావులు 7.7 నుంచి 5.3 శాతానికి తగ్గాయి. ఒకటి నుంచి మూడు గంటల మధ్య 6.1 నుంచి 4.8కి. మూడు గంటలు దాటాక ఇస్తే తగ్గలేదు సరికదా, 3.1 నుంచి 4.4 శాతానికి పెరిగాయి! అదే మందు, అదే మోతాదు, అదే సూది. గడియారంలో ముల్లు కదిలేసరికి ఔషధం అపకారమైంది. తర్వాత బాలింతల రక్తస్రావం మీద జరిగిన పరీక్షను కూడా కలిపి 40,138 మంది వివరాలను 2018లో పరిశీలించారు. ఆలస్యమైన ప్రతి పదిహేను నిమిషాలకూ మందు మేలు పది శాతం చొప్పున కరిగిపోతోంది, మూడు గంటలకు ఏమీ మిగలడం లేదు. ఏ తర్కమూ, ఏ అనుభవమూ ఈ మూడు గంటల గీతను ముందుగా గీయలేకపోయింది. ఇరవై వేల మంది కావలసి వచ్చారు.

4

ఇలాంటి పరీక్షలు తప్పవన్న నా వాదనకు అభ్యంతరాలు లేకపోలేదు. తేలికైనదాంతో మొదలుపెడతాను. నూటికి ఒకటిన్నర తేడా కోసం ఇంత హడావుడా అని. 67 మందికి ఇస్తే ఒక ప్రాణం దక్కుతుంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించినవారు 1,68,491 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. ఆ అంకె పక్కన పెట్టి చూస్తే, చవక మందు 67 మందిలో ఒకరిని కాపాడటం చిన్న విషయమని ఎవరూ అనరు. ఇంతకంటే ఈ అభ్యంతరం మీద సమయం వెచ్చించను.

రెండోది బరువైనది. పెద్ద పరీక్ష లేకుండానే నిలబడ్డ మంచి చికిత్సలు లేవా అని సర్జన్లు అడుగుతారు. ఉన్నాయి. 1993లో ఫిలడెల్ఫియాలో రొటాండో, ష్వాబ్ బృందం ఒక మాట చెప్పింది: కడుపులో పెద్ద నాళాలు, అవయవాలు చితికి, ఒళ్లు చల్లబడి, రక్తం ఆమ్లమై, గడ్డకట్టడం మానేసిన మనిషికి ఆపరేషన్ పూర్తి చేయబోకండి. రక్తం ఆపండి, గుడ్డలు కుక్కండి, కడుపు తెరిచే ఉంచి ఐసీయూకి పంపండి, వెచ్చబడ్డాక మిగతాది చూద్దాం. అలా చేసిన 13 మందిలో 10 మంది బతికారు. ఒకే దఫాలో అంతా సరిచేయబోయిన 9 మందిలో బతికింది ఒక్కరు. ఇంత పెద్ద తేడా ఉన్నచోట కన్ను చాలు, నేను ఒప్పుకుంటాను. కాని ఇలాంటివి ఎన్ని? బృహద్ధమనిలో బెలూన్ ఊదించి కింది భాగానికి రక్తం ఆపే పద్ధతి కూడా కాగితం మీద అంతే మెరిసింది. కోత లేదు, తొడ నాళంలోంచి తీగ పంపితే చాలు, రక్తం ఠక్కున ఆగుతుంది. బ్రిటన్‌లో 90 మంది మీద పరీక్షించి 2023లో ఫలితం ప్రకటించారు. బెలూన్ పద్ధతి కలిపినవారిలో మూడు నెలల లోపు 54 శాతం చనిపోయారు, మామూలు చికిత్స పొందినవారిలో 42 శాతం. 90 మంది చిన్న సంఖ్యే. కానీ బెలూన్ కొనబోయే ఆసుపత్రి ఆగి ఆలోచించడానికి అది చాలు. కన్ను ఎక్కడ చాలుతుందో, ఎక్కడ చాలదో ముందే చెప్పే కన్ను మాత్రం మనకు లేదు.

మూడో అభ్యంతరం న్యాయమైనది. స్పృహ లేని మనిషిని, అతని అనుమతి లేకుండా, చీటీ వేసి పరీక్షలో చేర్చుకోవచ్చా? తెలుగు నేల మీద నిలబడి ఈ ప్రశ్నను తేలిగ్గా దాటేయలేం. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకాలు వేసిన ఉదంతంలో, తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారన్న విషయం మీద 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా అభిశంసించింది. పేదవాడి ఒళ్లు ప్రయోగానికి చవగ్గా దొరుకుతుందన్న అనుమానానికి ఈ దేశంలో ఆధారాలున్నాయి. అయితే తేడా గమనించండి. అక్కడ టైము ఉంది. అడగడానికి తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు. వారం తర్వాత వేసినా టీకా టీకాయే. అడగకపోవడానికి సాకే లేదు. రక్తం పోతున్న మనిషి విషయంలో కాలమే మందులో సగం. బంధువు ఎక్కడో ఊళ్లో బస్సెక్కి వచ్చి, నాలుగు పేజీల కాగితం చదివి, వేలిముద్ర వేసేదాకా పెట్టె విప్పకుండా కూర్చుంటే, ఆ పరీక్ష మందు విలువను తక్కువగా చూపిస్తుంది, మనిషి కూడా దక్కకపోవచ్చు. అందుకే ఇలాంటి పరీక్షల్లో స్వతంత్ర నైతిక సంఘం ముందే ఒప్పుకోవడం, దగ్గర బంధువు ఉంటే క్లుప్తంగా చెప్పడం, కోలుకున్నాక రోగిని అడగడం, వద్దంటే తప్పించడం అనే పద్ధతి నడుస్తోంది. ఇందులో లోపాలున్నాయి. కానీ దానికి ఎదురుగా ఉన్నది చూడండి. "నాకు తెలుసు, అందరికీ ఇస్తాను" అనే డాక్టరును ఎవరూ ప్రత్యేక ఫారం అడగరు. "నాకు తెలియదు, అందుకే సగం మందికి ఇచ్చి లెక్క రాస్తాను" అనేవాడికి దొంతర కాగితాలు. స్టెరాయిడ్ రోజుల్లో మొదటి డాక్టరు ఎంతమందిని అదనంగా పోగొట్టుకున్నాడో మనకు ఎన్నటికీ తెలియదు, ఎందుకంటే ఆయన లెక్క రాయలేదు.

ఇంకొకటి కూడా నన్ను నిలదీసేదే. బతికించి ఏం చేస్తున్నారు అని. 2023లో వెలువడిన 'ప్యాచ్' పరీక్షలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జర్మనీల అంబులెన్సుల్లోనే ట్రానెక్సామిక్ ఆమ్లాన్ని పరీక్షించి చూశారు, 1,310 మంది మీద. 28 రోజులకు చావులు మందు లేనివారిలో 21.8 శాతం, ఉన్నవారిలో 17.3 శాతం. ఆరు నెలల తర్వాత తమ పని తాము చేసుకోగలిగే స్థితికి వచ్చినవారు మాత్రం రెండు వైపులా దాదాపు సమానం, మందు ఉన్నవారిలో 53.7 శాతం, లేనివారిలో 53.5. అంటే అదనంగా బతికినవారిలో ఎక్కువమంది తీవ్రమైన వైకల్యంతో బతికారు. ప్రాణాన్ని తలలు లెక్కపెట్టి కొలిచే మాలాంటివాళ్లకు ఇది గుచ్చుకోవలసిన అంకె. దీనికి నా దగ్గర నున్నటి జవాబు లేదు. మంచంలో ఉన్న మనిషికి ఆరు నెలలకు, ఏడాదికి ఏమైందో రాసే అలవాటు మన ఆసుపత్రుల్లో డిశ్చార్జి కాగితంతోనే ఆగిపోతుందని మాత్రం చెప్పగలను. ఆ మనిషిని తిప్పేది, పక్క మార్చేది, పుండ్లు పడకుండా చూసేది ఇంట్లో ఆడవాళ్లు. వాళ్ల లెక్క ఏ ఫారంలోనూ లేదు.

5

ఇక మన సంగతి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ మొదలైంది, అక్కడి నుంచి చాలా రాష్ట్రాలకు పాకింది. గాయపడ్డవారిని చేరవేసినవాళ్లను పోలీసు కేసుల పేరిట వేధించకూడదన్న రక్షణ 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోకే ఎక్కింది. బండి వస్తుంది, దారిన పోయేవాడు చెయ్యి వేస్తాడు. అయినా ప్రమాదం జరిగిన చోటు నుంచి మొదటి ఆసుపత్రికి, అక్కడ "మా దగ్గర కాదు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అంటే జిల్లా కేంద్రానికి, అక్కడ స్కానింగ్ అయ్యాక మళ్లీ హైదరాబాదుకో విశాఖకో గుంటూరుకో బయలుదేరితే, మూడు గంటల గీత ఎక్కడో దారిలో, ఏ టోల్‌గేటు దగ్గరో దాటిపోతుంది. చివరి ఆసుపత్రిలో ఎంత గొప్ప నిపుణుడున్నా, అప్పుడిచ్చే సూది మేలు చేయదని పరీక్ష చెప్పింది. కాబట్టి ఆ మందు ఉండవలసింది చివరి ఆసుపత్రిలో కాదు, మొదటి బండిలో. అది పరిశోధన ఇచ్చిన ఆదేశమే, పాలనా నిర్ణయం కాదు.

బండిలో నరానికి సూది ఎక్కించడం ఎంత కష్టమో ఇక్కడున్న టెక్నీషియన్లకు తెలుసు. రక్తం పోయిన మనిషి నరాలు అణిగిపోయి ఉంటాయి, బండి కుదుపుతుంటుంది, వెలుతురు చాలదు. నరం దొరక్కపోతే తొడ కండకే పొడిస్తే? బీపీ పడిపోయిన మనిషి కండకు రక్తమే సరిగ్గా అందదు, ఇక మందెలా పీలుస్తుందని సందేహం. ఈసారి తర్కం వద్దనే చెబుతుంది. 2021లో గాయపడ్డ 30 మందికి అలా ఇచ్చి, మాటిమాటికీ రక్తం తీసి కొలిచారు. నాలుగు నిమిషాల్లో లీటరుకు 5 మిల్లీగ్రాములు, పదకొండు నిమిషాల్లో 10 మిల్లీగ్రాములు అందింది. షాక్‌లో ఉన్నవారి కండ కూడా పీల్చుకుంది. అయితే 30 మంది రక్తంలో మందు కనబడటం వేరు, మనుషులు బతకడం వేరు. సెలైన్ సీసా దగ్గర ఈ మాటే అనుకున్నాం. అది తేలాలంటే మళ్లీ వేలమంది కావాలి, మళ్లీ నంబర్లు వేసిన అట్టపెట్టెలు కావాలి. ఈసారి ఆ పెట్టెలు 16వ నంబరు, 44వ నంబరు జాతీయ రహదారుల మీద తిరిగే 108 బండ్లలో ఉండాలని నా కోరిక. మొదటి పెట్టె మీద 'ఒకటి' అని తెలుగు అంకె వేయించే బాధ్యత కావాలంటే నేను తీసుకుంటాను.